ఓల్టులు, ఆంపియర్లు, వెన్న శాతం

సాయంత్రం పూట వెన్న శాతం తగ్గుతోందని ఒక సంఘంలో సభ్యులు మాకు ఫిర్యాదు చేశారు. సాధారణంగా సాయంత్రం పాలలోనే వెన్న కాస్త ఎక్కువగా ఉంటుంది కనుక వారి అనుమానం ఊరికే పుట్టింది కాదు. కార్యదర్శి గారు రిజిస్టర్లన్నీ మా ముందు పెట్టారు. వాటిలో తప్పు కనిపించలేదు. టెస్టరు కుర్రవాడు మాత్రం దొంగతనం అంటగట్టినట్లు తల వంచుకుని నిలబడ్డాడు.

గెర్బర్ పద్ధతిలో, సెంట్రిఫ్యూజ్ ఆగిన తరువాత బ్యుటిరోమీటర్లను 65 డిగ్రీల నీటిలో ఉంచి రీడింగు తీయాలని మన టెస్టర్లందరికీ తెలుసు. మేము ఆ సాయంత్రం నీటి తొట్టిలో థర్మామీటరు ముంచితే 54 డిగ్రీలు చూపింది. నీరు చల్లబడితే కొవ్వు కుంచించుకుంటుంది, రీడింగు దిగుతుంది. విడిగా కాచిన నీళ్ళు పోసి 65కు తెచ్చి, అవే బ్యుటిరోమీటర్లను మళ్ళీ చూశాము. సగం గీత పెరిగింది. సగం గీత అంటే 0.05 శాతం, 100 కిలోల పాలకు 50 గ్రాముల వెన్న. రోజూ, అందరి పాలలోనూ.

తొట్టి హీటరు మీద 230 ఓల్టులు, 500 వాట్లు అని ఉంది. మరి నీరు ఎందుకు కాగడం లేదు? మాతో వచ్చిన ఎలక్ట్రీషియను ఓల్టు మీటరు పెట్టాడు. మీటరు బోర్డు దగ్గర 220 ఓల్టులు, తొట్టి ప్లగ్గు దగ్గర 184. క్యాన్లు కడిగే నీటికోసం పెట్టిన 1500 వాట్ల హీటరు కూడా అదే వైరు మీద ఉంది. దానిని సాయంత్రం మాత్రమే వేస్తారు. రెండూ నడుస్తుండగా టాంగ్ టెస్టరు సుమారు 7 ఆంపియర్లు చూపింది. ఇక మిగిలింది లెక్క.

ఓల్టేజి అంటే కరెంటును నెట్టే ఒత్తిడి, ఆంపియర్లు అంటే పారే ప్రవాహం, ఆ ప్రవాహానికి తీగ పెట్టే అడ్డు నిరోధం. నిరోధాన్ని ఓములలో కొలుస్తారు. ఈ సంబంధాన్ని 1827లో జర్మనీ దేశస్థుడు జార్జ్ సైమన్ ఓమ్ ప్రకటించాడు. ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఎక్కాలు వచ్చిన వారెవరైనా చేయగలరు.

మన హీటరుకు 500ను 230తో భాగిస్తే 2.17 ఆంపియర్లు. 230ని 2.17తో భాగిస్తే సుమారు 106 ఓములు. హీటరు తీగ నిరోధం వేడికి పెద్దగా మారదు కనుక ఈ 106 స్థిరమనుకోవచ్చు. ఇప్పుడు 184 ఓల్టులే అందితే పారేది 1.74 ఆంపియర్లు, పుట్టేది 320 వాట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓల్టేజి ఐదో వంతు తగ్గితే వేడి కూడా ఐదో వంతే తగ్గుతుందనుకుంటారు. ఓల్టేజితో పాటు ఆంపియర్లు కూడా తగ్గుతాయి కనుక దెబ్బ రెండు వైపులా పడి, వేడి మూడో వంతుకు పైగా పోయింది.

పోయిన 36 ఓల్టులు ఎక్కడున్నాయి? 36ను 7తో భాగిస్తే 5 ఓములకు పైన. బోర్డు నుండి తొట్టి వరకు 30 మీటర్లు. రానుపోను 60 మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు ఒక ఓము కూడా ఉండకూడదు. కనుక నిరోధం తీగలో లేదు, ఏదో అతుకులో ఉంది. 36ను 7తో గుణిస్తే 250 వాట్లు! అంత వేడి గోడలో ఒకచోట పుడుతోందన్నమాట. రోజుకు రెండు గంటలైతే నెలకు 15 యూనిట్లు, సంఘం బిల్లు కట్టి మరీ గోడను కాస్తోంది.

మెయిన్ ఆపి వెదికితే పైకప్పు కింద దొరికింది. రాగి తీగను అల్యూమినియం తీగతో ఊరికే మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు బొగ్గయింది. పక్కనే వాసం నల్లబడింది. అది చూశాక కార్యదర్శి గారు కాసేపు మాట్లాడలేదు. ఆ తీగ తీసి కొత్తది అతుకు లేకుండా లాగిన తరువాత లోటు 6 ఓల్టులకు దిగింది. తొట్టి వేళకు 65కు వచ్చింది.

ఈ లెక్క హీటర్లకే సరిగా వర్తిస్తుంది. పాత రకం బల్బు తీగ నిరోధం చల్లగా ఉన్నప్పుడు చాలా తక్కువ, వెలిగినప్పుడు చాలా ఎక్కువ. మోటార్లకు పవర్ ఫ్యాక్టరు అనే మరో సంఖ్యతో గుణించాలి. మూడు ఫేజుల కూలరు మోటారుకైతే 1.732తో కూడా. పైగా ఓల్టేజి తగ్గితే హీటరు నీరసిస్తుంది గాని, బరువు మోస్తున్న మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి చుట్టలు కాల్చుకుంటుంది.

కొలతలు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే తీయించండి, కార్యదర్శులు స్వయంగా బోర్డు విప్పవద్దు. అన్నీ నడుస్తుండగా బోర్డు దగ్గర, తొట్టి దగ్గర ఓల్టేజి, వైరులో ఆంపియర్లు రాయించండి. తదుపరి తనిఖీలో ఆ మూడు అంకెలను టెస్టింగు రిజిస్టరు చివరి పేజీలో చూస్తాము.