యూనిట్ 9: విస్తరించిన పునర్ముద్రణను వినడం – ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బం అధ్యయనం

విషయక్రమం

9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 ఆల్బం నేపథ్యం
9.3 విస్తరించిన ప్రతిలో ఏముంది?
9.4 రెండు మిక్స్‌లు – ఒక పాట
9.5 లాభమా, నష్టమా?
9.6 వినే పద్ధతి
9.7 సారాంశం
9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ఒక పాత ఆల్బంను అదనపు సామగ్రితో మళ్లీ విడుదల చేయడం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒకే ధ్వనిముద్రణ నుంచి తయారైన రెండు మిక్స్‌ల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ఇటువంటి ప్రతి మంచిచెడ్డల గురించి కారణాలతో కూడిన అభిప్రాయం చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

మీకు ఇష్టమైన పాత పాట ఒకటి తలచుకోండి. దాని చిత్తుప్రతి దొరికిందని, పాడినవారు పక్కన పెట్టేసిన రూపం కూడా వినవచ్చని ఎవరైనా చెబితే మీరు వింటారా? చాలామంది వెంటనే వింటామనే అంటారు. విన్న తరువాత మాత్రం కొందరికి సంతోషం, కొందరికి ఇబ్బంది కలుగుతుంది. ఆ రెండింటికీ కారణాలు వెతకడమే ఈ యూనిట్ పని.

సాహిత్య విద్యార్థులకు ఈ సమస్య కొత్తది కాదు. ఒకే పద్యానికి వేరువేరు తాళపత్ర ప్రతులలో వేరువేరు పాఠాలు కనిపిస్తాయి. పరిష్కర్త వాటిని పోల్చి, ఒక పాఠాన్ని నిలిపి, మిగిలినవాటిని పాఠాంతరాలుగా అడుగున చూపుతాడు. సంగీతంలో విస్తరించిన పునర్ముద్రణ ఇంచుమించు ఆ పనే చేస్తుంది. అయితే ఒక తేడా ఉంది. పుస్తకంలో పాఠాంతరం చిన్న అక్షరాలలో పుట అడుగున ఉంటుంది. ఇక్కడ అది అసలు కృతి పక్కనే, అంతే గొంతుతో వినిపిస్తుంది.

9.2 ఆల్బం నేపథ్యం

అమెరికాలోని నల్లజాతి చర్చి పాటల నుంచి, రిథమ్ అండ్ బ్లూస్ నుంచి రూపుదిద్దుకున్నది సోల్ సంగీతం. డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ 1960లలో దానిని దేశమంతటికీ చేర్చింది. మార్విన్ గే (1939–1984) ఆ సంస్థకు చెందిన పేరుపొందిన గాయకుడు. అప్పటికి ఆయన పాటలు ఎక్కువగా ప్రేమగీతాలు.

1970 ప్రాంతంలో ఆయన జీవితం కుదుపులకు లోనయింది. యుగళగీతాలలో తనతో పాడిన టామీ టెరెల్ 1970 మార్చిలో మరణించింది. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చి అక్కడి సంగతులు చెప్పాడు. ఇదే కాలంలో ‘ఫోర్ టాప్స్’ బృందానికి చెందిన రెనాల్డో బెన్సన్, బర్క్లీలో నిరసనకారులపై పోలీసుల దౌర్జన్యాన్ని చూసి ఒక పాటకు బీజం వేశాడు. ఆల్ క్లీవ్‌లాండ్, మార్విన్ గే చేతులు కలిశాక అది ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అయింది.

మోటౌన్ అధిపతి బెర్రీ గోర్డీకి ఈ పాట నచ్చలేదు. అమ్ముడుపోదని ఆయన నమ్మకం. అది విడుదలయ్యేవరకు మరేదీ పాడనని గే పట్టుబట్టాడు. 1971 జనవరిలో పాట విడుదలై బాగా అమ్ముడుపోయింది. దానితో పూర్తి ఆల్బం చేయమని సంస్థే అడిగింది. ఆ ఆల్బం 1971 మే 21న వచ్చింది. 9 పాటలు, సుమారు 35 నిమిషాలు. యుద్ధం, పేదరికం, పర్యావరణం, మత్తుమందులు, దైవభక్తి – అన్నీ అందులో విషయాలే.

ఆల్బం కట్టుబడిని గమనించండి. ఎల్‌పీ రికార్డు మొదటి వైపున ఉన్న 6 పాటలు మధ్యలో విరామం లేకుండా ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. రెండవ వైపు చివరి పాట ముగుస్తూ ఉండగా మొదటి పాట ఛాయ మళ్లీ వినిపిస్తుంది. అంటే ఆల్బం వలయంలా మూసుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. 9.5లో మళ్లీ దీని అవసరం పడుతుంది.

9.3 విస్తరించిన ప్రతిలో ఏముంది?

2001లో ఈ ఆల్బం రెండు సీడీల ప్రత్యేక ప్రతిగా వచ్చింది. అందులో ముఖ్యంగా నాలుగు రకాల సామగ్రి ఉంది.

(అ) అసలు ఆల్బం: 1971లో శ్రోతలు విన్న రూపం.

(ఆ) డెట్రాయిట్ మిక్స్: 1971 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో పూర్తయిన మొదటి మిక్స్. గే దీనితో తృప్తి చెందక టేపులను లాస్ ఏంజలిస్ తీసుకువెళ్లి, మే మొదటి వారంలో మళ్లీ మిక్స్ చేయించాడు. విడుదలైంది ఆ రెండవదే. మొదటిది 30 ఏళ్లు అలమరలో ఉండిపోయింది.

(ఇ) కచేరీ: 1972 మే 1న వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్‌లో గే చేసిన ప్రదర్శన. అది ఆయన పుట్టిన ఊరు. కొన్నేళ్లుగా వేదికకు దూరంగా ఉన్న గాయకుడు తిరిగి జనం ముందుకు వచ్చిన సందర్భం.

(ఈ) విడి పాటల రూపాలు: సింగిల్ రికార్డులుగా వచ్చినప్పటి మిక్స్‌లు. ‘గాడ్ ఈజ్ లవ్’ పాట ఆల్బంలో ఒక తీరుగా, మొదటి సింగిల్ రెండో వైపున మరో తీరుగా ఉంటుంది.

2011లో 40 ఏళ్ల సందర్భంగా మరో విస్తృత ప్రతి కూడా వచ్చింది.

9.4 రెండు మిక్స్‌లు – ఒక పాట

స్టూడియోలో గాత్రం, బేస్ గిటార్, డ్రమ్ములు, తంత్రీవాద్యాలు విడివిడి ట్రాకులుగా టేపుపై ఉంటాయి. ఏది ఎంత ముందుకు రావాలి, ఏది ఎడమన, ఏది కుడిన వినిపించాలి, ఎంత ప్రతిధ్వని ఉండాలి అని నిర్ణయించడమే మిక్సింగ్. పాడినవారు, వాయించినవారు, స్వరాలు అవే. అయినా మిక్స్ మారితే పాట స్వభావం మారుతుంది.

విడుదలైన మిక్స్‌లో అన్ని ధ్వనులూ ఒక మెత్తని పొరలో కలిసిపోతాయి. డెట్రాయిట్ మిక్స్‌లో ఆ పొర పలచబడి, లయ విభాగం దగ్గరగా వచ్చినట్లు తోస్తుంది. అప్పుడు మనకు జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ స్పష్టంగా చెవిన పడుతుంది. ఆయన ‘ఫంక్ బ్రదర్స్’ అనే మోటౌన్ వాద్యబృందంలోని వాడు. 1960లంతా ఆ సంస్థ పాటలకు వెన్నెముకగా నిలిచిన ఈ వాద్యకారుల పేర్లు రికార్డు అట్టలపై ఉండేవి కావు. ఈ ఆల్బంతోనే ఆ పేర్లు అచ్చయ్యాయి. పేరు అచ్చవడం ఒక గౌరవం. వారి పని విడిగా చెవికి అందడం రెండవ గౌరవం. విస్తరించిన ప్రతి ఆ రెండవ గౌరవాన్ని కలిగించింది.

గాత్రం సంగతి కూడా చూడండి. గే ఒకే పాటను రెండుసార్లు పాడి, ఏది బాగుందో పోల్చుకోవాలనుకున్నాడు. స్టూడియోలో పొరపాటున రెండూ ఒకేసారి మోగాయి. ఆయనకు అది నచ్చి, అలాగే ఉంచాడు. బుర్రకథలో కథకుడికి వంతలు పలుకుతారు కదా, ఇక్కడ కథకుడూ ఆయనే, వంతా ఆయనే. ఒక మనిషి తనతో తానే మాట్లాడుకుంటున్నట్లు వినిపించడానికి ఇదే కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
1. డెట్రాయిట్ మిక్స్ 1971లో ఎందుకు విడుదల కాలేదు?
2. మిక్సింగ్‌లో తీసుకునే మూడు నిర్ణయాలు పేర్కొనండి.

9.5 లాభమా, నష్టమా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. విస్తరించిన ప్రతిని శ్రోతలు ఎందుకు మెచ్చుకుంటారు? ఆ మెప్పు ఎంతవరకు సమంజసం?

మొదటి లాభం: కృతి ఆకాశం నుంచి ఊడిపడదని తెలుస్తుంది. నెల రోజుల తేడాలో ఒక కళాకారుడు తన పనిని తానే ఎలా దిద్దుకున్నాడో చెవులారా వినవచ్చు.

రెండవ లాభం: కచేరీ. అక్కడ పాటల వరుస ఆల్బం వరుస కాదు. ఆల్బం పాటలలో రెండవ వైపువి ముందుగా, మొదటి వైపువి తరువాత వస్తాయి. స్టూడియోలో పొరలు పొరలుగా కట్టిన గాత్రాన్ని వేదికపై ఒక్క గొంతుతో నిలబెట్టవలసి వచ్చింది. ఆ శ్రమ వినిపిస్తుంది.

ఇక నష్టాలు. ఆల్బం వలయంలా మూసుకుంటుందని 9.2లో చూశాం. 2001 నాటి సీడీలో ఆ ముగింపు తరువాత ఆగకుండా డెట్రాయిట్ మిక్స్ మొదటి పాట మొదలవుతుంది. మూసుకున్న తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ముగింపు తరువాతి నిశ్శబ్దం కూడా కృతిలో భాగమే అనుకునే శ్రోతకు ఇది లోటే.

రెండవది నైతికమైన ప్రశ్న. డెట్రాయిట్ మిక్స్‌ను గే కాదనుకున్నాడు. ఆయన 1984లో మరణించాడు. 2001లో దానిని బయటపెట్టినప్పుడు ఆయనను అడిగే వీలు లేదు. కవి కొట్టివేసిన పంక్తిని మనం అచ్చువేయవచ్చునా? నా అభిప్రాయం ఇది: వేయవచ్చు, కాని కొట్టివేతతో సహా చూపాలి. ‘ఇదే అసలైన ఆల్బం, అది సంస్థ కోసం చేసినది’ అని డెట్రాయిట్ మిక్స్‌ను సింహాసనం ఎక్కించడం తప్పు. రెండు మిక్స్‌లలో ఏది నిలవాలో తేల్చినవాడు గేయే. ఆ తేల్చడం కూడా ఆయన కృతిలో భాగమే.

చాలా ఏళ్లు తరగతిలో ఈ రెండు మిక్స్‌లనూ వినిపించాను. మొదటిసారి విన్న విద్యార్థులలో ఎక్కువమంది డెట్రాయిట్ మిక్స్‌కే చేయి ఎత్తేవారు. లయ దగ్గరగా ఉండడం వారికి నచ్చేది. కొన్ని వారాలు ఆల్బం మొత్తం విన్న తరువాత అదే ప్రశ్న అడిగితే చేతుల లెక్క మారేది. ఒక పాటకు మేలైనది 35 నిమిషాల ప్రయాణానికి మేలు కాకపోవచ్చునని వారికి వారే కనుక్కునేవారు. నేను చెప్పి ఒప్పించిన దానికంటే అది గట్టిగా నిలిచేది.

9.6 వినే పద్ధతి

ఫోన్ స్పీకరులో బేస్ గిటార్ దాదాపు వినపడదు. ఇయర్‌ఫోన్లు వాడండి. ఆ తరువాత ఈ క్రమాన్ని పాటించండి.

1. మొదటి రోజు అసలు ఆల్బంను మాత్రమే ఆపకుండా వినండి. 9వ పాట అయిపోగానే ఆపివేయండి.
2. రెండు రోజుల తరువాత మొదటి పాటను రెండు మిక్స్‌లలోనూ వినండి. ఒకసారి బేస్ గిటార్ మీద, ఒకసారి తంత్రీవాద్యాల మీద, ఒకసారి గాత్రం మీద మనసు పెట్టండి.
3. తేడాలను ముందుగా రాయండి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు ఆ తరువాతనే.
4. చివరగా కచేరీ వినండి.
5. మళ్లీ అసలు ఆల్బం వినండి. మొదటి రోజు వినపడనిది ఏదైనా ఇప్పుడు వినపడిందా? వినపడితే అదనపు సామగ్రి తన పని చేసినట్లే.

9.7 సారాంశం

విస్తరించిన పునర్ముద్రణ అసలు కృతికి పోటీ కాదు, దానికి వ్యాఖ్యానం వంటిది. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ 2001 ప్రతిలోని డెట్రాయిట్ మిక్స్ వాద్యకారుల పనిని దగ్గరగా చూపింది. కచేరీ గాయకుడి ధైర్యాన్ని చూపింది. అదే సమయంలో ముగింపుకు భంగం కలిగింది, కళాకారుడి నిర్ణయాన్ని గౌరవించడం గురించి ఒక ప్రశ్న మిగిలింది. వ్యాఖ్యానం చదివిన పాఠకుడు తిరిగి మూలానికి రావాలి. శ్రోత చేయవలసినదీ అంతే.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కళాకారుడు కాదనుకున్న రూపాన్ని ఆయన మరణానంతరం విడుదల చేయడంపై మీ అభిప్రాయాన్ని కారణాలతో వివరించండి.
2. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బం కట్టుబడిని, దానిపై విస్తరించిన ప్రతి ప్రభావాన్ని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫంక్ బ్రదర్స్
2. కెన్నెడీ సెంటర్ కచేరీ
3. మీకు తెలిసిన ఒక తెలుగు పాట రెండు ధ్వనిముద్రణలను పోల్చి, మీరు విన్న తేడాలను రాయండి.