మీకు తెలుసా? చూసొచ్చిన చోటే చూడని వింత!

అరకు వెళ్లొచ్చారా? తిరుమల కొండెక్కారా? అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి నయాగరా ముందు ఫొటో దిగారా? అయితే ఇలా దగ్గరికి రండి, మీకో మాట చెప్పాలి. మీరు చూసొచ్చిన చోటే మీ కంట పడని వింత ఇంకొకటి ఉంది! ఒకటేంటి, చాలా ఉన్నాయి. వినండి మరి!

నయాగరా ఒకసారి ఆగిపోయింది, తెలుసా? కుళాయి కట్టేసినట్టే! 1848 మార్చి ఆఖర్లో ఈరీ సరస్సు నుంచి నది బయటికొచ్చే చోట మంచుగడ్డలు అడ్డం పడ్డాయి. అంతే! దాదాపు 30 గంటలు నీళ్లు లేవు, హోరు లేదు! జనం ఎండిపోయిన నది అడుగున నడిచారు. ఎప్పటివో యుద్ధాల నాటి బాయొనెట్లు ఏరుకున్నారు! తర్వాత నీళ్లు మళ్లీ విరుచుకుపడ్డాయి. ఈసారి వెళ్తే ఆ హోరును ఒక్క నిమిషం శ్రద్ధగా వినండి!

ఆదిలాబాద్ కుంటాల జలపాతం చూసి అబ్బో అనుకున్నారా? అనుకోవాల్సిందే! కానీ వెనిజులాలో ఏంజెల్ జలపాతం ఉంది చూశారూ, దాని ఎత్తు 979 మీటర్లు! కుంటాల లాంటివి 21 పేర్చినా ఇంకా కాస్త తక్కువే! ఎండాకాలంలో చాలా నీరు కిందికి చేరకముందే తుంపరగా, పొగమంచుగా గాల్లో కలిసిపోతుంది!

ఇంద్రధనుస్సు పగలే కనిపిస్తుందనుకుంటున్నారా? కాదు! ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య విక్టోరియా జలపాతం ఉంది. వెడల్పు 1,708 మీటర్లు! పున్నమి రాత్రి అక్కడ నిలబడితే వెన్నెల వెలుగుకే ఇంద్రధనుస్సు విరుస్తుంది! దాన్ని చూడ్డానికే ఆ రాత్రుళ్లు పార్కు గేట్లు తెరిచి ఉంచుతారు!

నేల లోపలి నుంచి ఎగజిమ్మే వేడినీళ్లకు టైం టేబుల్ ఉంటుందా? ఉంది! అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉంది. తర్వాత ఎప్పుడు చిమ్ముతుందో పార్కువాళ్లు ముందే బోర్డు మీద రాసి పెడతారు. తేడా వస్తే 10 నిమిషాలు అటో ఇటో! జనం బెంచీల మీద కూర్చుని వాచీలు చూసుకుంటారు. దాదాపు ప్రతిసారీ బుగ్గ మాట నిలబెట్టుకుంటుంది!

గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడి లోయలోకి తొంగి చూశారా? ఆ లోయలో ఒక ఊరుంది! పేరు సుపాయి. హవసుపాయి తెగవారి ఊరు. అక్కడికి కారు వెళ్లదు, రోడ్డే లేదు! కొండదారిన దాదాపు 13 కిలోమీటర్లు దిగాలి. మరి ఉత్తరాలెలా వస్తాయి? కంచర గాడిదల మీద! ఎప్పటి మాటో కాదండీ, ఇప్పటికీ అంతే!

ఇక మన బొర్రా గుహలకు వద్దాం. మీరు లోపల తలెత్తి చూస్తుంటే, ఆ కొండ మీద రైలు పరుగెడుతుంటుంది! అది సరే, పైకప్పు నుంచి వేలాడే ఆ సున్నపు ఊడలున్నాయి కదా, అలాంటివి సగటున వెయ్యేళ్లకు పెరిగేది 13 సెంటీమీటర్లే! జానెడు కూడా కాదు! అందుకే దయచేసి వాటిని ముట్టుకోకండి. మన చేతి జిడ్డు అంటితే ఆ ఎదుగుదల కూడా ఆగిపోతుంది!

నంద్యాల జిల్లాలో చదును పొలాల మధ్య నడుస్తున్నారు. ఎదురుగా బావి లాంటి గొయ్యి! మెట్లు దిగారా, భూమి కింద 3,229 మీటర్ల దారి! అదే బెలుం గుహలు. కొండ లేదు, గుట్ట లేదు, పైనంతా మామూలు నేలే! ఒకప్పుడు భూగర్భజలాలు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయి ఆ దారులన్నీ తొలిచాయి!

గుహలో అడవి ఉంటుందా? వియత్నాంలో ఉంది! అక్కడి సోన్ డూంగ్ గుహలో పైకప్పు ఎత్తు కొన్నిచోట్ల 200 మీటర్లు! పైకప్పు కూలిన చోట ఎండ పడి, చెట్లు మొలిచి, అడవే పెరిగింది. నది పారుతోంది. మేఘాలు కూడా కమ్ముకుంటాయి! అంటే గుహ లోపలే దాని వాతావరణం దానికుంది! ఇంతటి గుహను ముందు చూసిందెవరు? అక్కడి అడవిలో తిరిగే స్థానికుడు, హో ఖాన్!

చెట్ల సంగతికొస్తే మనతో పోటీ ఎవరికి? శ్రీసత్యసాయి జిల్లా కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశారా? ఒక్క చెట్టు పరుచుకున్న నేల 5 ఎకరాల పైమాటే! గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది! లోపలికి వెళ్తే ఎక్కడ మొదలో, ఎక్కడ ఊడో చెప్పలేరు. అడవిలోకి వచ్చామా అనిపిస్తుంది. కాదు, మీరున్నది ఒకే చెట్టు కింద!

మొదలు నరికేసినా చెట్టు బతుకుతుందా? బతికింది! కోల్‌కతా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రికి బూజు తెగులు పట్టింది. 1925లో దాని అసలు మొదలును తీసేశారు. చెట్టు కూలలేదు! ఊడలే కాళ్లయ్యాయి. మొదలు పోయాక కూడా పెరుగుతూనే ఉంది! చూడటానికి వెళ్తే మధ్యలో ఆ ఖాళీ ఎక్కడుందో వెతకండి!

చెట్టుకు సెలైన్ ఎక్కించడం విన్నారా? మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఎక్కించారు! ఆ పాత మర్రిని చెదలు తినేస్తుంటే, 2018లో కొమ్మలకు సీసాలు వేలాడదీసి, సూదులు గుచ్చి, మందు చుక్క చుక్కగా లోపలికి పంపారు. ఒకటీ రెండూ కాదు, ఎటు చూసినా సీసాలే! చెట్టు నిలబడింది!

అమెరికాలోని యూటాలో పాండో అనే అడవి ఉంది. 47,000 దాకా చెట్లు! లెక్కపెట్టడం అయిందా? ఇప్పుడు వినండి. అవన్నీ కలిపి ఒకటే చెట్టు! నేల కింద వేరు ఒక్కటే. పైన కనిపించేవన్నీ దాని పిలకలు! అన్నిటికీ ఒకే జన్యువులు!

హైదరాబాద్‌లో ఉంటున్నారా? దుర్గం చెరువు చుట్టూ ఉన్న ఆ గుండ్రాళ్ల వయసెంతో చెప్పుకోండి చూద్దాం. దాదాపు 250 కోట్ల ఏళ్లు! అప్పటికి హిమాలయాలు లేవు! డైనోసార్లు లేవు! నేల మీద గడ్డిపరక కూడా మొలవలేదు! రోజూ ఆఫీసుకెళ్తూ ఆ రాళ్ల పక్కనుంచే పోతున్నాం కదండీ. రేపు ఒకసారి ఆగి చూడండి!

ఎవరెస్టు శిఖరం మీద సముద్రం ఆనవాళ్లు ఉన్నాయంటే నమ్ముతారా? నమ్మాలి! 8,848 మీటర్ల ఎత్తున, కొండ కొనకొమ్మున ఉన్నది సున్నపురాయి. అది పుట్టింది సముద్రం అడుగున! అందులో ఒకనాటి సముద్ర జీవుల శిలాజాలు ఇంకా అలాగే ఉన్నాయి! ప్రపంచంలో అన్నిటికన్నా పైనున్న రాయి, ఒకప్పుడు అలల అడుగున ఉన్న రాయి!

ఉడుపి దగ్గర మల్పె తీరం నుంచి పడవెక్కితే సెయింట్ మేరీస్ దీవులు. అక్కడ రాళ్లన్నీ ఉలితో చెక్కి నిలబెట్టిన స్తంభాల్లా ఉంటాయి. చెక్కిందెవరు? చల్లారిన లావా! ఆ లావా పొంగింది ఎప్పుడు? సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన దేశాన్ని వదిలి విడిపోయేటప్పుడు! ఆ ఎడబాటు గుర్తు మీద నిలబడి మనం సెల్ఫీలు దిగుతున్నాం!

విడిపోవడాన్ని కళ్లారా చూడాలనుందా? ఐస్‌లాండ్ వెళ్లండి! అక్కడ సిల్ఫ్రా అనే నీటి చీలిక ఉంది. ఒక పక్క ఉత్తర అమెరికాను మోసే భూఫలకం, ఇంకో పక్క యురేషియాను మోసే భూఫలకం. మధ్యలో మీరు ఈత కొట్టొచ్చు! ఆ రెండూ ఏటా దాదాపు 2 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయి! నీళ్లు మాత్రం గడ్డకట్టేంత చల్లన, సుమా!

మహారాష్ట్రలోని లోణార్ సరస్సు ఎలా ఏర్పడిందో తెలుసా? ఆకాశం నుంచి ఉల్క పడి! ఆ దెబ్బకు పడ్డ గొయ్యే సరస్సయింది. అది ఒక వింత. ఇంకో వింత 2020లో జరిగింది. ఆకుపచ్చ నీళ్లు ఉన్నట్టుండి గులాబీ రంగుకు మారిపోయాయి! ఎవరి పనో తెలుసా? ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవులది!

బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం ఎంతుంటుంది? మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా అంత! అంతా తెల్లటి ఉప్పే! ఈ చివరి నుంచి ఆ చివరికి ఎత్తులో తేడా ఎంతో తెలుసా? 1 మీటరు లోపే! అంత చదును కాబట్టే, ఎత్తులు కొలిచే ఉపగ్రహాలను సరిచూసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ నేలనే వాడుకుంటారు! వాన పడిందా, ఆకాశమంతా కాళ్ల కిందే!

సముద్రం కళ్ల ముందే మాయమైతే? ఒడిశాలోని చాందీపూర్‌లో రోజూ జరిగేదే! ఆటు వేళకు నీళ్లు 5 కిలోమీటర్ల దాకా వెనక్కి పోతాయి! ఇందాక అలలున్న చోట ఇప్పుడు మీరు నడుస్తారు. పీతలు, గవ్వలు కాళ్ల దగ్గరే! మరీ లోపలికి పోకండి. పోటు వేళకు సముద్రం తిరిగొస్తుంది!

అదే ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకూ వస్తాయి! పుట్టేది ఆడో మగో తేల్చేదెవరు? ఇసుక! గూటిలో వేడి 31 డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడవే! చల్లగా ఉంటే మగవి!

పులికాట్‌లో ఫ్లెమింగోలను చూశారా? గంటల తరబడి ఒంటికాలి మీదే! కాలు నొప్పి పుట్టదా? పుట్టదు! ఒంటికాలి మీద నిలబడటానికి కండరాలకు పెద్దగా పనే లేదని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. కీళ్లు వాటంతటవే అలా కుదురుకుంటాయి! సూళ్లూరుపేట వైపు వెళ్తే బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. ఒక కాలు మడిచి, తల రెక్కల్లో దాచి నిద్రపోయే పక్షి కనిపించొచ్చు!

మున్నార్ కొండలకు వెళ్లే ముందు ఒక్క సంగతి. అక్కడి నీలకురింజి పూసేది 12 ఏళ్లకోసారి! కొండలన్నీ నీలం, ఊదా రంగుల్లో మునిగిపోతాయి. పూశాక ఆ మొక్క చచ్చిపోతుంది. రాలిన గింజలు మళ్లీ మొలిచి, మళ్లీ అన్నీ ఒక్కసారే పూస్తాయి! మొన్న పూసింది 2018లో. లెక్క కట్టుకుని ఇప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి!

మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏడాదికి సగటున కురిసే వాన 11,872 మిల్లీమీటర్లు! హైదరాబాద్‌లో దాదాపు పద్నాలుగేళ్లు కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో! మరి వానలో పొలం పని ఎలా? వెదురుతో, ఆకులతో అల్లిన పెద్ద తొడుగును తల మీంచి వీపు దాకా వేసుకుంటారు. రెండు చేతులూ ఖాళీ! గొడుగు పట్టుకునే పనే లేదు!

దక్షిణాసియాలో మండే అగ్నిపర్వతం ఒకే ఒక్కటి. అది మన దేశంలోనే ఉంది! అండమాన్‌లోని బారెన్ ద్వీపం. వందేళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది! ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ పొగ, బూడిద, లావా! అక్కడ మనుషులెవరూ ఉండరు. చూడాలంటే నడిసముద్రంలో ఓడ మీంచే!

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు సినిమాల్లో బోలెడుసార్లు చూశారు కదా? దక్షిణాసియా తీరాల్లో ఇలాంటివి 3 చోట్లే ఉన్నాయి! ఒకటి తమిళనాడులో, ఒకటి శ్రీలంకలో, ఒకటి మన విశాఖ పక్కన! ఇసుకలోని ఇనుము తుప్పే ఆ ఎరుపు! వాన పడినప్పుడల్లా కొత్త వాగులు చెక్కుతుంది. కాబట్టి కిందటేడు మీరు చూసిన దిబ్బ ఈ ఏడు అచ్చం అలాగే ఉండదు!

ఇక అన్నిటికన్నా పెద్ద రహస్యం! తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట కింద ఒక రకం రాయి, దాని మీద ఇంకో రకం రాయి కనిపిస్తాయి. రెండూ తాకే చోట ఒక గీత. కింది రాయికీ పై రాయికీ మధ్య వయసు తేడా సుమారు 80 కోట్ల ఏళ్లు! ఆ మధ్య కాలానికి అక్కడ ఒక్క రాయి కూడా మిగల్లేదు! గోవిందా గోవిందా అంటూ కొండెక్కే ప్రతి బస్సూ ఆ 80 కోట్ల ఏళ్లను ఒక్క క్షణంలో దాటేస్తోంది! మీరూ ఎన్నోసార్లు దాటేసే ఉంటారు. ఈసారి కిటికీ పక్క సీటు పట్టండి, పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోండి, కొండవైపు చూడండి!