టైఫాయిడు క్రిమి జమాఖర్చులు

సుచిత్ర కూడలికి ఈశాన్యముగా, శామీరుపేట చెరువు దాటి తుర్కపల్లి వైపు పోవువారికి ‘జీనోమ్ వ్యాలీ’ అను పేరు కనబడును. జీనోమ్ అనగా ఒక ప్రాణియందుండు జన్యువుల మొత్తము. ఆ ప్రాంతమున భారత్ బయోటెక్ వారు తయారుచేయు టైఫాయిడు టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో పరీక్షించి యంగీకరించినది. టైఫాయిడు క్రిమిని కప్పియుండు ‘వి.ఐ.’ అను చక్కెర పొరను గుర్తుపట్టుట ఈ టీకా మన శరీరమునకు నేర్పును. అయితే ఆ పొర యాక్రిమికి వంశపారంపర్యముగా వచ్చిన సొత్తు కాదు, నడుమ నార్జించుకొన్నది. ఆర్జించినదానిని అది పోగొట్టుకొనగలదా? పోగొట్టుకొన్నచో టీకా గతి యేమగును? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞు లెట్లు లెక్కలు కట్టుచున్నారో ఇచ్చట వివరింప దలచితిమి.

మనకు జన్యువులు తల్లిదండ్రులనుండియే లభించును. సూక్ష్మజీవుల ధర్మము వేరు. అవి పొరుగువారినుండియు జన్యువులను గ్రహింపగలవు. చచ్చిన క్రిములనుండి వెలువడిన తునకలను కొన్ని పీల్చుకొనును. క్రిములను పట్టు వైరసులు కొన్నిటిని మోసికొని వచ్చును. ప్లాస్మిడు అను చిన్న వలయములు ఒక క్రిమినుండి మఱియొక క్రిమికి చేరును. ఇది జమ. ఇక ఖర్చు: అక్కఱ లేని జన్యువునందు తప్పు దొరలినను క్రిమికి నష్టము లేదు గనుక ఆ తప్పు నిలిచిపోవును. క్రమముగా ఆ జన్యువు పాడుపడి మిథ్యాజన్యు వగును. కొంతకాలమునకు పూర్తిగా రాలిపోవును.

వియత్నాము దేశపు రోగినుండి తీసిన టైఫాయిడు క్రిమి జీనోమ్ 2001లో ప్రకటింపబడినది. అందు సుమారు 48 లక్షల అక్షరములు, 4,600 జన్యువులు లెక్కకు వచ్చినవి. వానిలో 204 పాడుపడినవి. దీని దాయాది యగు టైఫిమ్యూరియము ఎలుకలు, పశువులు, కోళ్లు, మనుష్యులు మొదలగు ననేక ప్రాణులయం దుండును. దానిలో పాడుపడినవి సుమారు 40 మాత్రమే. టైఫాయిడు క్రిమి మనుష్యునియందే కాపురము పెట్టినది. ఇతర ప్రాణుల ప్రేగులలో బ్రతుకుటకు వలయు పనిముట్లు దానికి బరువైనవి. మనుష్యునే యాశ్రయించిన పారాటైఫాయిడు ‘ఏ’ క్రిమియందును 173 పాడుపడిన జన్యువులున్నట్లు 2004లో తేలినది. అయినను రెంటియందును పాడైనవి 30 మాత్రమే. ఒకే యింటికి రెండు దారులలో వచ్చిన యీ యిద్దరు దాయాదులు వేర్వేరు సామానులు పాఱవేసిరన్నమాట.

పూర్వపు క్రిములు మనకు దొరకవు. నేటి క్రిముల జాబితాలు మాత్రమే చేతిలో నున్నవి. అట్లయిన గత మెట్లు తెలియును? ఒక యుదాహరణము చెప్పెదము. పది యిండ్ల దాయాదులలో ఒకరికే మామిడితోట కలదనుకొందము. దస్తావేజు లన్నియు కాలిపోయినవి. తాతకు తోట యుండగా తొమ్మిది శాఖలవారు అమ్ముకొనిరా, లేక ఒక్కడే కొనెనా? మొదటిదానికి అమ్మకము లనేకము కావలెను. రెండవదానికి కొనుగోలొక్కటి చాలును. తక్కువ మార్పులతో సరిపడు కథయే నమ్మదగినదని మనము తేల్చుదుము. జన్యువుల లెక్కయు నిట్టిదే. సాల్మొనెల్లా కుటుంబమున అసంఖ్యాకములగు రకములుండగా, వి.ఐ. జన్యువులు టైఫాయిడు, పారాటైఫాయిడు ‘సి’ మొదలగు రెండు మూడింటియందే కలవు. కావున అవి బయటనుండి వచ్చినవే. పరిసరములలో వైరసు జన్యువులును, ఇంటినుండి యింటికి సాగు వలయముల గుర్తులును కనబడుటచే ఆ తీర్పు బలపడినది.

కాని యీ లెక్కలో నొక చిక్కు కలదు. అమ్ముట సులభము, కొనుట కష్టము. జన్యువు పాడగుట తఱచు, క్రొత్తది చేరుట యరుదు. రెంటికి నొకే వెల కట్టినచో లెక్క తప్పును. ఆర్జనకు మితిమీరిన వెల కట్టితిమా, అన్ని జన్యువులును మూలపురుషునివే యని లెక్క చెప్పును; అంత జన్యుభారము మోయు క్రిమి యెన్నడును ఉండియుండదు. అందుచేత నేటి శాస్త్రజ్ఞులు వంశవృక్షపు కొమ్మల పొడవునుబట్టి యే కొమ్మపై నెంత ఆర్జన, ఎంత నష్టము జరిగియుండునో సంభావ్యతాగణితముచే నిర్ణయించుచున్నారు. వెలలను ముందుగా తామే యూహింపక, నేటి జాబితాలకు సరిపోవునట్లు గణకయంత్రములచే రాబట్టుదురు. మా యభిప్రాయమున ఈ విద్యకు జీవశాస్త్ర మెంత ముఖ్యమో గణితమును నంత ముఖ్యము; లెక్కల గంటలో నిద్రించువారు దీనిని గమనింతురు గాక.

ఈ జమాఖర్చు కాగితములపై నిలుచునది కాదు. 2016లో సింధు దేశపు హైదరాబాదునందు, మన నగరమునకు పేరుదోడు ఊరియందు, అనేక మందులకు లొంగని టైఫాయిడు ప్రబలెను. అచ్చటి క్రిమి యంతకుముందే క్లోరాంఫెనికాల్, యాంపిసిల్లిన్ మొదలగువాని నెదిరించు జన్యువులను తన జీనోమునందు చేర్చుకొనియుండెను. దానిపై ప్రేగులలోని ఈ-కోలై క్రిమినుండి వచ్చెనని భావింపబడుచున్న ప్లాస్మిడు వలయ మొకటి చేరి, సెఫ్ట్రియాక్సోనును నిష్ఫలము చేసెను. నోటిద్వారా నిచ్చు మందులలో అజిత్రోమైసిన్ మిగిలెను. ఆ యూరి పిల్లలకు 2018లో వేసినది శామీరుపేట ప్రాంతపు టీకాయే. 2019లో పాకిస్తాను దానిని పిల్లల నిత్య టీకాలలో చేర్చెను.

మొదటి ప్రశ్నకు వత్తము. పొరను పోగొట్టుకొనుట అసాధ్యము కాదు. ప్రయోగశాలలో మఱిమఱి పెంచిన క్రిములు కొన్ని ఆ జన్యుఖండమును విడిచిపెట్టుచున్నవి. పాకిస్తానులో రోగుల రక్తమునందును పొర లేని క్రిములు కొన్ని కనబడియున్నవి. అయితే రక్తమున మన రక్షకకణములనుండి దాగుటకు ఆ పొర క్రిమికి తోడ్పడును గనుక, దానిని విడుచుట దానికి చౌకబేరము కాదు. పారాటైఫాయిడు ‘ఏ’ క్రిమికి మాత్రము ఆ పొర లేనేలేదు. ఈ టీకా దాని నాపజాలదు. కావున టీకా పొందిన పిల్లవానికి జ్వరము విడువనిచో, మందు మొదలుపెట్టుటకు ముందే రక్తమును కల్చరు పరీక్షకు పంపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. ఏ క్రిమియో, దానికి పొర యున్నదో లేదో, ఏ మందునకు లొంగునో, దొరికిన క్రిమిని చూచియే చెప్పవలసియున్నది.