పక్షవాతం ఎప్పుడొచ్చిందో తెలియకపోతే?

మస్కట్‌లో నేను సీటీ స్కాన్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రువీ, గాలా లాంటి చోట్ల ఒకే గదిలో ఐదారుగురు సర్దుకుని ఉండే మనవాళ్లకు చెప్పాలనిపించే మాట ఒకటుంది.

పక్షవాతం వస్తే డాక్టర్లు మొదట అడిగేది "ఎన్నింటికి మొదలైంది?" అని. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి చెయ్యి కదలని మనిషి ఏం చెప్పగలడు? నైట్ షిఫ్టుకు వెళ్లిన రూమ్మేట్‌కూ తెలియదు.

అప్పుడు అక్కరకొచ్చేది సీటీ పెర్ఫ్యూజన్. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు సుమారు 40-50 మిల్లీలీటర్లు వేగంగా ఎక్కిస్తాం. ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. దాదాపు నిమిషం పాటు మెషిన్ తలను మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తుంది. పంట కాలువలో రంగు కలిపి, ఏ మడికి ఎంతసేపట్లో, ఎంత చేరిందో చూసినట్టే.

ఆరోగ్యంగా ఉన్న మెదడులో 100 గ్రాములకు నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. 20 కంటే తగ్గితే ఆ భాగం పని ఆపేస్తుంది, కానీ కొంతసేపు బతికే ఉంటుంది. 10 దగ్గరకు పడిపోతే ఇక దక్కదు. ఎండిపోయిన మడి ఎంత, నీరందితే తేరుకునే మడి ఎంత అన్నది రంగుల పటంలో తెలుస్తుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరిని ఇలాంటి స్కాన్లతో ఎంచుకుని, సన్నని గొట్టంతో గడ్డ తీస్తే, ఆలస్యంగా వచ్చినా మేలు జరుగుతుందని 2018లో వెలువడిన రెండు పరిశోధనలు చూపాయి. డిఫ్యూజ్-3లో 16 గంటల వరకు, డాన్‌లో 24 గంటల వరకు.

అలాగని తాపీగా రావద్దు. ఈ సదుపాయం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. సలాలా నుంచి మస్కట్ దాదాపు వెయ్యి కిలోమీటర్లు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 9999కి ఫోన్ చేయండి.

కిడ్నీ జబ్బు ఉందా, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడా, కాంట్రాస్ట్ మందు ఇదివరకు పడలేదా అన్నవి డాక్టరుకు చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నాడన్నది. దానికి జవాబు ఒక్కోసారి గదిలో కాదు, జగిత్యాలలోనో కడపలోనో దొరుకుతుంది. రాత్రి వీడియో కాల్‌లో మాట స్పష్టంగా ఉంటే, ఆ కాల్ ముగిసిన సమయమే డాక్టరుకు ఆధారం. ఇంటికి ఫోన్ చేసి అడగండి: "వదినా, రాత్రి అన్న ఎన్నింటిదాకా మాట్లాడాడు?"