ముక్కును నమ్మని పని

మిన్నెసోటాలో పాత పెట్రోల్ బంకుల కింద నీళ్లెలా ఉన్నాయో చూడటం నా ఉద్యోగం. భూమిలో పాతిన ట్యాంకులు తుప్పు పట్టో, పైపుల జాయింట్లు వదులయ్యో కారిన పెట్రోలు ఎంత దూరం పాకిందో కనిపెడుతుంటాం. "వాసన చూస్తే తెలిసిపోయేదానికి ఇంత చదువెందుకే?" అంటుంది అమ్మ ఫోన్లో.

ముక్కుకు అందితే మా అవసరమే ఉండదు. పెట్రోల్లో భయపెట్టేది బెంజీన్, క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగునీటిలో దానికి అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. నాలుకకు తేడా తెలియాలంటే అంతకు వంద రెట్లయినా ఉండాలి.

ఆ నీళ్లను పరీక్షించడానికి మేం వేసే బావి రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం. కింది భాగంలో సన్నటి చీలికలు, వాటి చుట్టూ ఇసుక. వాన నీళ్లు గొట్టం వెంబడి జారిపోకుండా ఇసుక పైన బెంటొనైట్ బంకమట్టి దట్టిస్తాం. చలికాలంలో దాని మూత మంచులో ఎక్కడ కూరుకుపోయిందో మెటల్ డిటెక్టరుతో వెతుక్కోవాలి.

మూత తీశాక ముందు కొలటేపు దించుతాం. దాని కొసనున్న ప్రోబు నీళ్లు తగిలితే ఆగి ఆగి కూస్తుంది, నూనె తగిలితే ఆగకుండా. తర్వాత బురద లేవకుండా నెమ్మదిగా నీళ్లు తోడుతూ, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ అంకెలు నిలకడగా వచ్చేదాకా ఆగి, 40 మిల్లీలీటర్ల గాజు సీసా నింపుతాం. నీళ్లు మూతి మీద ఉబ్బి నిలవాలి. మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూస్తాను. చిన్న బుడగ కనిపించినా ఆ సీసా పారేయాల్సిందే. బెంజీన్ నీళ్లు వదిలి గాలిలోకి పోతుంది మరి.

సీసాలు నింపే రోజు దారిలో కారుకు పెట్రోలు కొట్టించను. ఘాటు వాసన మార్కర్లు దగ్గరికి రానివ్వను. ల్యాబులోనే నింపిన శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి ఐసు పెట్టెలో మాతోపాటే తిరుగుతుంది, మూత తీయం. దాంట్లో బెంజీన్ తేలిందంటే ఆ పెట్టెలోని సీసాలన్నిటినీ అనుమానించాలి.

ఇంతా చేసి ఫలితం శుభ్రంగా వచ్చినా నాకు నమ్మకం కుదరదు. పెట్రోలు భూమిలో పులుసు మీద నూనెలా తెట్టు కట్టి ఉండదు. ఇసుక రేణువుల సందుల్లో నీటితో కలిసి ఇరుక్కుని ఉంటుంది. వసంతంలో మంచు కరిగి నీటిమట్టం పెరిగితే అది నీటి అడుగున చిక్కుబడి, బావిలో మాయమవుతుంది. మట్టం పడిపోయిన ఏడు మళ్లీ ప్రోబు ఆగకుండా కూస్తుంది. బంకు యజమానులేమో ఆ ఒక్క మంచి కాగితం పట్టుకుని "ఇంక ఆపేద్దామా?" అంటారు. ఖర్చు వాళ్లది, తప్పుపట్టలేను. కానీ మంచి ఏడూ కరువు ఏడూ రెండూ చూడందే నేను సరేననను.

ఈ ఓపిక మాకు నేర్పింది ఇదే రాష్ట్రంలోని బెమిడ్జి. 1979 ఆగస్టు 20న అక్కడికి దగ్గర్లో పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడిచమురు పారింది. తీయగలిగినంత తీశాక కూడా దాదాపు 4 లక్షల లీటర్లు నేలలో మిగిలింది. అమెరికా జియలాజికల్ సర్వే 1983 నుంచి అక్కడే ఉండి చూస్తోంది. నేలలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ను తినేస్తున్నాయని, అది ఎక్కువ దూరం పోవడం లేదని తేలింది. ఆక్సిజన్ అయిపోయాక ఇసుకలోని ఇనుము ఆధారంగా, అదీ తరిగిన చోట మీథేన్ వదులుతూ అవి బతుకుతాయి. దాంతో అంతా సంబరపడ్డారు. తీరా చూస్తే సగం జీర్ణమైన పదార్థాలు బెంజీన్‌ను దాటి ఇంకా ముందుకు పోతున్నాయి. ఇనుము కరిగినప్పుడు దాన్ని అంటుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి దిగుతోంది.

అందుకే ఇప్పుడు మా బంకుల దగ్గర బెంజీన్‌తోపాటు ఆక్సిజన్, ఇనుము, మీథేన్ కూడా కొలుద్దామంటాను. వాసనే రాని నీళ్లకు ఇన్ని పరీక్షలా అని బిల్లు చేతికందగానే యజమానులు మొదలుపెడతారు.