సీటొచ్చింది... పంపాలా, వద్దా?

పేరున్న గురుకులంలో సీటంటే ఇంటిల్లిపాదికీ పండగే. కానీ అసలు చర్చ ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మొదలవుతుంది. పదేళ్ల పిల్లాణ్ని అంత దూరం పంపేయాలా? కళ్లముందే ఉంచుకోవాలా? నంబులపూలకుంట లాంటి ఊళ్లో ఈ ప్రశ్న మరీ బరువైంది.

'ఏం వొదినా, మీవోడికి సీటొచ్చిందంట కదా!'

వీధిలో ఈ మాట వినిపించిందంటే ఫలితాలు వచ్చేశాయన్నమాట. అది లేపాక్షి నవోదయ కావచ్చు, కొడిగెనహళ్లి గురుకులం కావచ్చు, కలికిరి సైనిక్‌ స్కూలు కావచ్చు. బడి ఏదైనా పలకరించడానికి వచ్చినవాళ్లు అనే మాట ఒకటే... 'ఇంకేం, వాడి రాత మారిపోయినట్టే!' అంతమంది అలా అంటుంటే 'పంపాలో వద్దో ఆలోచిస్తున్నాం' అనే ధైర్యం ఏ తల్లికుంటుంది?

నంబులపూలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి తూర్పున ఉన్న మండల కేంద్రం. 1989లో గిన్నిస్‌ బుక్కులోకి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను ఈ మండలంలోదే. 2016లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన సోలార్‌ పార్కూ ఇక్కడిదే. మిగతాదంతా వాన కోసం ఎదురుచూసే చెనిక్కాయ చేలు. వాన మొహం చాటేస్తే బెంగళూరు బస్సు. ఇలాంటిచోట చదువంటే కరవు తాకని ఆస్తి. అందుకే సీటు వచ్చాక వద్దనుకోవడం అంటే చేతికొచ్చిన పంటను చేలోనే వదిలేసినంత బాధ.

చుట్టూ పెద్ద బడులే!

ఈ మెట్టసీమకో విచిత్రం ఉంది. నీళ్లకు కరవుగానీ పేరున్న హాస్టల్‌ బడులకు కాదు.

ములకలచెరువు దాటి మదనపల్లె వైపు వెళ్తే రిషివ్యాలీ. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బడి. 1926లో స్థలం సేకరణతో మొదలైన ప్రయత్నం 1931లో ఆ లోయలో బడిగా స్థిరపడింది. అక్కడ ర్యాంకుల గోల లేదు. పక్కవాడితో పోల్చి చూడటం లేదు. సాయంత్రం పిల్లలంతా మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే ఫీజు ఏడాదికి లక్షల్లో. ఎక్కడెక్కడి నగరాల నుంచో పిల్లలొచ్చి చేరే ఆ బడి, పొరుగునే ఉన్న చెనిక్కాయ రైతుకు మాత్రం చాలా దూరం.

కదిరికి వచ్చి గోరంట్ల మీదుగా హిందూపురం చేరితే అక్కడికి దగ్గర్లోనే కొడిగెనహళ్లి. పి.వి.నరసింహారావు చొరవతో తెలంగాణలోని సర్వేల్‌లో 1971లో తొలి గురుకులం మొదలైంది. ఆ మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెల్లోని చురుకైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంపిక చేసి, తెలుగు మీడియంలోనే చదువు చెప్పి, ఐఏఎస్‌లుగా, ఐపీఎస్‌లుగా, డాక్టర్లుగా, ఇంజినీర్లుగా ఎదిగే దారి చూపించాయి. పదో తరగతి ర్యాంకులంటే ఈ బడుల పేర్లే వినిపించిన రోజులున్నాయి.

హిందూపురం నుంచి ఇంకాస్త ముందుకెళ్తే లేపాక్షి. అక్కడుంది పాత అనంతపురం జిల్లా నవోదయ విద్యాలయం. డూన్‌ స్కూల్లో చదివిన రాజీవ్‌గాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు, 1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన బడులివి. అప్పుడు కేంద్రంలో విద్యను చూసే మంత్రి ఎవరనుకున్నారు? మళ్లీ పి.వి.నే! కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. ఇక, 2014లో మొదలైన కలికిరి సైనిక్‌ స్కూలు పాత చిత్తూరు జిల్లాలో ఉంది.

ఈ బడులన్నింటి మధ్యా ఓ పోలిక ఉంది. రిషివ్యాలీకి డబ్బు కావాలి. నవోదయకూ కొడిగెనహళ్లికీ మార్కులు కావాలి. సైనిక్‌ స్కూలుకు రెండూ కావాలి. ఏది అడిగినా చివరికి తీసుకెళ్లేది మాత్రం పదకొండేళ్లు కూడా నిండని పిల్లాణ్నే.

అందరి లెక్కా ఒకటి కాదు

'పిల్లాణ్ని హాస్టల్లో వేయడం ఏంటి, పాపం' అనడం తేలిక. బతుకుతెరువు కోసం ఏడాదికి ఆర్నెల్లు ఊరు విడిచే ఇంట్లో ఆ మాట చెల్లదు. అమ్మానాన్నలు బెంగళూరులో భవన నిర్మాణ పనుల్లో ఉంటే పిల్లాడు వాళ్లతోపాటు షెడ్డులో ఉండాలి, లేదంటే అవ్వ దగ్గర. ఆ ఇంటికి హాస్టలంటే హోదా కాదు, మూడు పూటలా తిండి, తలమీద నీడ, ఆగని చదువు. ఆడపిల్లయితే మరీను. బడి ఊరికి దూరమైతే ఏడో తరగతితోనో ఎనిమిదితోనో చదువు మాన్పించి పెళ్లి మాట ఎత్తే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు అలాంటి అమ్మాయిల కోసమే. తెలంగాణలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ మాలావత్‌ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికామెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఇల్లు దాటకపోతే ఆ శిఖరం ఎక్కడిది?

స్నేహాల సంగతీ చెప్పుకోవాలి. కృష్ణుడికి కుచేలుడు దొరికింది సాందీపని గురుకులంలోనే కదా! రాజుగారి బిడ్డా, పేదింటి బిడ్డా ఒకే కంచం దగ్గర కూర్చునే అవకాశం మంచి హాస్టల్‌ బడి ఇచ్చే పెద్ద వరం. ఆ స్నేహాలు జీవితాంతం నిలుస్తాయి.

దుప్పటి కింద ఏడుపు

మరి రెండోవైపు?

పిల్లల్ని ఏడెనిమిదేళ్లకే హాస్టళ్లకు పంపడం ఇంగ్లాండులో గొప్పింటి ఆచారం. అలా పెరిగి పెద్దయినవాళ్లకు చికిత్స చేసిన మానసిక నిపుణురాలు జాయ్‌ షావెరీన్‌, వాళ్లలో చాలామందిలో ఒకేరకం గాయాన్ని గమనించారు. 2011లో దానికి 'బోర్డింగ్‌ స్కూల్‌ సిండ్రోమ్‌' అని పేరు పెట్టారు. అమ్మానాన్నలు వదిలేశారన్న భావన, ఇంటిని కోల్పోయిన దుఃఖం, బందీనన్న బాధ... వాటిని తట్టుకోవడానికి పిల్లాడు మనసుకు తాళం వేసేస్తాడు. బయటికి బుద్ధిమంతుడిలా, వయసుకు మించి ఎదిగినవాడిలా కనిపిస్తాడు. పెద్దయ్యాక భార్యకూ బిడ్డలకూ కూడా ఆ తాళం తీయలేడు. అందరూ ఇలా అవుతారని కాదు. అయినవాళ్లు కొద్దిమందేమీ కాదు.

రచయిత జార్జ్‌ ఆర్వెల్‌దీ అలాంటి అనుభవమే. 1911లో ఎనిమిదేళ్ల వయసులో ఆయన్ని ఓ బోర్డింగ్‌ స్కూల్లో చేర్చారు. అంత ఫీజు కట్టే స్తోమత లేని కుటుంబమని తగ్గించి తీసుకున్నారు. 'మా దయవల్ల చదువుతున్నావు' అని గుర్తుచేస్తూ ఉండేవారట. ఆ చేదునంతా ఆయన ఓ వ్యాసంలో రాసుకున్నారు. అది అచ్చయింది ఆయన చనిపోయాకే.

మన దగ్గర ఆ మాట బడి అననక్కర్లేదు. ఇంట్లోనే అనేస్తాం. 'నీకోసం ఎంత కష్టపడుతున్నామో తెలుసా?', 'ఊరంతా నీవైపే చూస్తోంది నాయనా!' ప్రేమతో అన్న మాటే. కానీ పదేళ్ల పిల్లాడికి అది అప్పుపత్రంలా వినిపిస్తుంది. అన్నం సయించకపోయినా, పెద్ద పిల్లలు సతాయిస్తున్నా, లెక్కలు అర్థంకాకపోయినా ఫోన్లో వాడు చెప్పేది ఒకటే... 'బాగున్నా'. నిజం చెబితే ఇంట్లోవాళ్ల పరువు పోతుందని వాడి భయం.

సమస్య అంతా ఇక్కడుంది. పంపడంలో కాదు. తిరిగొచ్చే దారి మూసేయడంలో.

ఇదే ఆఖరి బస్సా?

ఆ దారి ఎందుకు మూస్తాం? 'ఈ అవకాశం పోతే మళ్లీ రాదు' అనుకోవడం వల్ల. అందులో కొంత నిజముంది. నవోదయ ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. కానీ మొత్తం నిజం అది కాదు. నవోదయలో ఖాళీలు ఉన్నప్పుడు తొమ్మిదో తరగతికి మరో పరీక్ష పెడతారు. సైనిక్‌ స్కూలుకు ఆరులో కాకపోతే తొమ్మిదిలో వెళ్లొచ్చు. పదో తరగతి తర్వాత గురుకుల జూనియర్‌ కళాశాలల ప్రవేశపరీక్ష ఉంది. కొడిగెనహళ్లిలోనూ అలాంటి కళాశాల ఉంది.

అంతకన్నా ముఖ్యమైంది ఇడుపులపాయ ట్రిపుల్‌ ఐటీ. పల్లె పిల్లల కోసం 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కులతోనే సీటు. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగ్‌ పూర్తిచేసి రావచ్చు. అందులో చేరేటప్పుడు, హాస్టల్‌ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్‌ హైస్కూళ్లలో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజీ ఇస్తారు. అంటే ఇంట్లో అమ్మచేతి ముద్ద తింటూ ఊరి హైస్కూల్లో చదివిన పిల్లాడు ఏదో పోగొట్టుకున్నట్టు కాదు. పైగా పదహారేళ్ల పిల్లాడు ఇల్లు వదలడానికీ, పదేళ్ల పిల్లాడు వదలడానికీ ఎంత తేడా!

రిషివ్యాలీ చెప్పే మరో పాఠమూ ఉంది. ఆ సంస్థే చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న బడులు పెట్టింది. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు, కార్డుల సాయంతో ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతికి అక్కడ రూపమిచ్చింది. దాన్ని చూసే కర్ణాటక తన ప్రాథమిక బడుల్లో 'నలి-కలి' మొదలుపెట్టింది. తమిళనాడు కూడా అలాంటి పద్ధతినే అందుకుంది. మంచి చదువు హాస్టల్‌ గేటు లోపలే ఉండాలనేం లేదన్నమాట!

పంపేముందు... అయిదు ప్రశ్నలు

పరీక్ష రాయాలని ఎవరనుకున్నారు? కోచింగులో వేసింది మీరు, హాల్‌టికెట్‌ తెచ్చింది మీరు. 'అక్కడే ఉండాలి, పండక్కి మాత్రమే ఇంటికి రావాలి' అని ఎప్పుడైనా విడమరిచి చెప్పారా? అది విన్నాక వాడి ముఖం చూశారా?

ఒంటరిగా ఉండగలడా? మేనమామ ఇంట్లో వారం ఉంచి చూడండి. తన బట్టలు తాను ఉతుక్కోవడం, జ్వరమొస్తే నోరు తెరిచి చెప్పడం వచ్చా? మార్కులకంటే ముందు రావాల్సినవి ఇవి.

బడిని లోపలికెళ్లి చూశారా? ఫలితాల బోర్డు కాదు... మరుగుదొడ్లు, వంటగది, రాత్రిపూట వార్డెన్‌ పడుకునే చోటు. ఆరో తరగతి పిల్లల్ని కదిపి చూడండి, చాలా తెలుస్తుంది.

ముందుముందు ఏముంటుందో తెలుసా? నవోదయలో తొమ్మిదో తరగతికి వచ్చాక కొందర్ని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. మన పిల్లలైతే హిందీ ప్రాంతానికి. కొందరికి అది అదృష్టం, కొందరికి రెండో ఎడబాటు. ముందే తెలిసి ఉండటం మంచిది.

మీరెన్నిసార్లు వెళ్లగలరు? కలవనిచ్చే రోజున అందరి అమ్మానాన్నలూ వచ్చి, తనవాళ్లు రాకపోతే ఆ పిల్లాడికి ఆదివారం ఎంత పొడవో! బస్సు ఛార్జీలూ, పోయే కూలీ కలిపి ముందే లెక్క వేసుకోండి.

దసరా దాకా చాలు

అయిదు ప్రశ్నలకూ జవాబు దొరికితే సంతోషంగా పంపండి. కానీ ఏడేళ్లకు కాదు, దసరా సెలవుల దాకా. ఆ మాట పిల్లాడికి ముందే చెప్పండి. 'నచ్చితే ఉండు. నచ్చకపోతే మనూళ్లో బడి ఉండనే ఉంది. నిన్నెవరూ ఏమీ అనరు.' నిజంగానే ఎవరూ ఏమీ అనకుండా చూడండి. ఊరు అంటుంది. అననివ్వండి. నాలుగురోజులు అని మరిచిపోతుంది.

ఆ మాట ఇచ్చినంత మాత్రాన పిల్లాడు మర్నాడే మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తాడని భయపడక్కర్లేదు. ఎప్పుడైనా వెళ్లగలనన్న ధైర్యం ఉన్నచోట ఉండటం తేలిక. వెళ్లలేనన్న చోటే ఊపిరాడదు.

కొత్త ట్రంకుపెట్టె, బకెట్టు, రెండు దుప్పట్లు, పచ్చడి సీసా... పంపేటప్పుడు కొనాల్సిన వస్తువుల జాబితా బడివాళ్లే ఇస్తారు. ఈ మాట ఒక్కటీ అందులో ఉండదు. అది ఇంటినుంచి పట్టుకెళ్లాల్సిందే.