‘లార్గో వించ్’: ఫ్రెంచ్ థ్రిల్లర్‌పై తెలుగు వివాదం ఏమిటి?

హాంకాంగ్‌లో నీరియో వించ్ అనే అపర కుబేరుడు హత్యకు గురవుతాడు. ఆయనకు వారసులే లేరని అందరూ అనుకుంటుండగా, బోస్నియా అనాథాశ్రమం నుంచి రహస్యంగా దత్తత తీసుకున్న కొడుకు లార్గో తెరపైకి వస్తాడు. తండ్రి కంపెనీని కాపాడుకోవాలి, హంతకుడెవరో తేల్చాలి. జెరోమ్ సాల్ దర్శకత్వంలో 2008లో వచ్చిన ‘లార్గో వించ్’ కథ ఇది. బెల్జియం కామిక్స్ ఆధారంగా తీశారు. అద్దాల మేడలు, విలాసనౌకలు, ఛేజింగులతో సినిమా స్టైలిష్‌గా ఉంటుంది. కథ మాత్రం మరీ కొత్తదేమీ కాదు.

అయినా పదేళ్ల తర్వాత ఆ పేరు తెలుగు నాట మారుమోగింది. 2018 సంక్రాంతికి త్రివిక్రమ్ దర్శకత్వంలో పవన్ కల్యాణ్ 25వ చిత్రం ‘అజ్ఞాతవాసి’ విడుదలైంది. సాల్ దాన్ని పారిస్‌లోని థియేటర్లో చూసి, తన సినిమాతో పోలికలున్నాయని ట్విటర్‌లో బహిరంగంగానే చెప్పారు. 2019లో ‘సాహో’ వచ్చినప్పుడు మరింత ఘాటుగా స్పందించారు. దొంగిలిస్తే దొంగిలించారు, కనీసం సరిగా తీయండన్నది ఆయన చురక. ‘సాహో’ దర్శకుడు సుజీత్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు.

ట్వీట్ తీర్పు కాదు. మరి చట్టం ఏమంటుంది? ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఇతివృత్తంపై ఎవరికీ కాపీరైట్ ఉండదు. దాన్ని చెప్పిన తీరుకే రక్షణ. దాక్కున్న వారసుడు తిరిగొచ్చి హక్కు అడగడం ఎవరి సొత్తూ కాదు (పాండవుల అజ్ఞాతవాసం కంటే పాత కథ ఏముంది!). కానీ పాత్రల మధ్య సంబంధాలు, సన్నివేశాల వరుస, మలుపులు కలిసిపోతే సంగతి వేరు. రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది కచ్చితంగా నకలే అనిపిస్తుందా అన్నదే కోర్టు చెప్పిన ముఖ్యమైన పరీక్ష. పోలిక ఉన్నంత మాత్రాన కేసు నిలవదు.

నిజానికి సాల్‌కు రీమేకులు కొత్త కాదు. ఆయన 2005లో తీసిన ‘ఆంథోనీ జిమ్మర్’ను హాలీవుడ్ అధికారికంగానే ‘ది టూరిస్ట్’గా మార్చుకుంది. మన దగ్గరా ఆ దారి తెలియనిది కాదు. లార్గోగా నటించిన టోమర్ సిస్లే మరో ఫ్రెంచ్ థ్రిల్లర్ ‘న్యూయి బ్లాంష్’లోనూ హీరో. 2015లో కమల్ హాసన్ ‘చీకటి రాజ్యం’ దానికి అధికారిక రీమేకే. ఆ సినిమాపై ఇలాంటి రచ్చ జరగలేదు.